నాలుగో చొక్కా

నెలకొక బుధవారం మా ఇల్లు ఇస్త్రీ వాసనతో నిద్రలేచేది. ఆ పొద్దున నా భార్య నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేసి, మధ్యలో పేపరు ముక్కలు పెట్టి, ఒకదాని మీద ఒకటి సంచిలో సర్దేది. అన్నిటికన్నా పైనున్నది మొదటి ఆదివారానికి, అడుగునున్నది నాలుగో ఆదివారానికి. హోసూరులో మా కేబుల్ ఛానల్ స్టూడియో అంటే ఒక మేడ మీది గది. ఆ గదిలో ఒక్క రోజులో నెలకు సరిపడా నాలుగు కార్యక్రమాలు రికార్డు చేసేవాళ్ళం. చొక్కా మారితే వారం మారినట్టు లెక్క.

ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు నేను టీవీలోకి వచ్చేవాణ్ణి. పాటలు, మిమిక్రీ, అంచెట్టి వైపు కొండల నుంచి వచ్చిన భజన బృందాలు, పిల్లల డాన్సులు, మధ్యమధ్య నా వాగుడు. తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో వెక్కిరించి, కన్నడంలో బుజ్జగించేవాణ్ణి. మా వైపు మనుషులు ఇంట్లో మాట్లాడేదే అలా. అంతకుముందు పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా వాళ్ళకు మైకు పట్టాను. కృష్ణగిరిలో మామిడిపళ్ళ ప్రదర్శన పెడితే తప్పిపోయిన పిల్లల పేర్లు చదివాను. గొంతు బాగుందని ఛానల్ ఓనరు పిలిచాడు. నాలుగు వారాలు చూద్దామని పోయినవాణ్ణి ఇరవై ఏళ్ళు దాటినా అక్కడే ఉండిపోయాను.

"ఇప్పుడు, ఈ నిమిషంలో, మీ కండ్ల ముందర, లైవ్‌లో" అని మొదలుపెట్టేవాణ్ణి. ఆ మాట ఓనరుది. లైవ్ అంటే జనం చేతిలో పని వదిలి చూస్తారని అతని నమ్మకం. హోసూరులో సగం మందికి అది రికార్డింగని తెలుసు. పాడినవాళ్ళకు, ఆడినవాళ్ళకు, వాళ్ళ చుట్టాలకు తెలుసు. పల్లెల్లో మాత్రం నమ్మారు. ఒకసారి ఊరికే నోటికొచ్చి "బయట తుంపర పడతా ఉండాది, గొడుగులు తెచ్చుకోండి" అన్నాను. అది ప్రసారమైన ఆదివారం ఎండకు రోడ్డు కరిగిపోతోంది. నా పని అయిపోయిందనుకున్నాను. ఎవరూ అడగలేదు. మనకు పడలేదు గానీ హోసూరులో పడినట్టుందని ఎవరి ఊళ్ళో వాళ్ళే సర్దుకున్నారు. నమ్మినవాళ్ళ ఓపిక చూస్తే నాకు ఒక్కోసారి ఒళ్ళు మండేది.

చివర్లో ఒకే మాటతో ముగించేవాణ్ణి. "సరేనప్పా, సరేనమ్మా, మా ఇంటామె సంగటి చేసి కాచుకోనుండాది. నేను పోతా. మీరూ తినండి." ఎవరు నేర్పారో గుర్తులేదు, మొదటి నెలలోనే పుట్టింది. బస్సులో కండక్టర్లు అదే మాటతో నన్ను దింపేవాళ్ళు. బడి పిల్లలు వీధిలో నా వెనకాల నడుస్తూ అదే అనేవాళ్ళు. అందరికీ మా ఇంటామె తెలుసు, ఆమె మొహం మాత్రం ఎవరికీ తెలియదు. టీవీలోకి రమ్మంటే ఒక్కసారీ రాలేదు.

లైవ్ అన్నందుకు మాకొక తిప్పలు వచ్చిపడింది. మొదట్లో ఒక ఆదివారం ఏడుంపావుకు అగ్గిపెట్టె కోసం మత్తిగిరిలో మా వీధి చివరి అంగడికి పోయాను. అంగడాయన టీవీలో నన్ను చూసి, ఎదురుగా నన్ను చూసి, చిల్లర ఇవ్వడం మర్చిపోయాడు. ఓనరు మండిపడ్డాడు. అప్పట్నుంచి ఆదివారం సాయంత్రం ఆరున్నరకే నేను ఇంట్లో దూరేవాణ్ణి. తలుపులు వేసి, లైట్లన్నీ ఆర్పి, టీవీ సౌండు మాకు మాత్రమే వినపడేంత పెట్టి, ఇద్దరం చాప మీద కూర్చునేవాళ్ళం. టీవీ వెలుతురులోనే ఆమె సంగటి పెట్టేది. తెర మీద నేను "మా ఇంటామె కాచుకోనుండాది, పోతా" అనేవేళకు ఇక్కడ నా కంచం ఖాళీ అయ్యేది.

"నువ్వు యెప్పుడు పోతావు బావా, నేను యెప్పుడు తినాల?" అని ఆమె తెర మీది నన్ను అడిగేది.

మాకు పిల్లలు లేరు. చుట్టాల పెళ్ళిళ్ళు, సినిమాలు, తిరునాళ్ళు, ఆదివారం సాయంత్రం ఏది వచ్చినా మాకు లేదు. చీకట్లో దొంగల్లా కూర్చోవడమే మా షికారు. దానికి నేను విసుక్కున్న రోజులున్నాయి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నా జీవితంలో నాకు దక్కిన సుఖమంతా ఆ చీకటి గంటలోనే ఉంది.

ఆమె నా కార్యక్రమాన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు. చొక్కాను బట్టి నా అలసట చెప్పేది. మొదటి చొక్కాలో ఎగిరెగిరి పడతాను, రెండోదాంట్లో కుదురుగా ఉంటాను, మూడోదాంట్లో ఆకలి తెలుస్తుంది, నాలుగోదాంట్లో గొంతు బొంగురుపోతుంది. నాలుగో ఆదివారం రాగానే జనం "ఆరోగ్యం బాగలేదా అప్పా?" అని అడిగేవాళ్ళు. "మూడో చొక్కా యేసుకునే ముందర టీ తాగమని యెన్ని తూర్లు చెప్పాల నీకు?" అని ఆమె తిట్టేది. మళ్ళీ నెల రికార్డింగుకు చోటు కావాలని ఛానల్లో పాతవన్నీ చెరిపేసేవాళ్ళు. ఇన్నేళ్ళ నా నవ్వుల్లో ఒక్కటీ ఎక్కడా మిగల్లేదు. అప్పుడు దానికి నాకేమీ అనిపించలేదు.

మా అత్త సంగతి చెప్పాలి. ఆమె మా నాన్నకు సొంత చెల్లెలు, నా భార్యకు తల్లి. గురుబరపల్లిలో ఉంటుంది. రోడ్డుకు దగ్గర్లోనే వాళ్ళ చేను, చేను గట్టున నాలుగు మామిడిచెట్లు. ఆదివారం ఏడింటికి ఆమె ఇంటి ముందు సగం వీధి చేరేది. మా అల్లుడు ఇప్పుడు హోసూరులో నిలబడి మాట్లాడుతున్నాడని అందరికీ చూపించేది. ఆమెకు మాత్రం రికార్డింగు సంగతి మేం చెప్పలేదు. చెబితే తెల్లారేసరికి బర్గూరు దాకా తెలిసిపోతుందని నా భార్యే వద్దంది. పైగా ఆ ముసలామె గొప్ప అది, దాన్ని లాక్కోవడం మా ఇద్దరికీ ఇష్టం లేదు.

ఒక ఏడాది అత్త నాకు చొక్కా పెట్టింది. కృష్ణగిరిలో తనే గుడ్డ ఎంచుకొని, వాళ్ళ ఊరి టైలరు చేత కుట్టించింది. ఆవపువ్వు రంగు. జేబు ఒక వేలెడు పక్కకు ఒరిగి ఉంటుంది. దాన్ని చూసి నా భార్య కంట్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అయినా మూడు నాలుగు నెలలకొకసారి అది సంచిలోకి ఎక్కేది. అది కనబడిన ఆదివారం అత్త ఫోన్ చేసి, "జేబు బాగా కనపడిందప్పా" అనేది.

పోయిన మామిడి కాపుకు ముందు, ఆ బుధవారం ఆవపువ్వు చొక్కా మూడోది. నాలుగోది తెల్లది. రికార్డింగు ముగించి ఇంటికి పోతే నా భార్య సంగటి చేసి కాచుకొని ఉంది. మాట వరసకు అనడం లేదు, నిజంగానే వాకిట్లో నిలబడి ఉంది. "గొంతు పోయిండాదే మళ్ళీ" అని వేడినీళ్ళు పెట్టింది.

శుక్రవారం పొద్దున పాలకు పోతూ కొక్కేనికి వేలాడుతున్న ఆవపువ్వు చొక్కా తగిలించుకున్నాను.

"అది ఉతకల్ల బావా. బిన్నా విప్పు."

"పాలు తెచ్చినాక విప్పి ఇస్తాలే."

పాలు తెచ్చేసరికి ఆమె ఉతికే బండ పక్కన పడి ఉంది. కొళాయి కారుతూనే ఉంది. పక్కింటివాళ్ళు ఆటో పిలిచారు. ఆస్పత్రిలో డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. గుండె అన్నాడు, దారిలోనే పోయింది అన్నాడు. నేను ఆ చొక్కాతోనే ఉన్నాను. పాల ప్యాకెట్లు నా చేతిలోనే ఉన్నాయని ఎవరో చెప్పి తీసుకున్నారు.

నాకు సొంత నేల లేదు, మత్తిగిరిలోది బాడుగ ఇల్లు. మా చేన్లో పెట్టుకుంటాం అని అత్త అంది. శనివారం మామిడిచెట్ల పక్కన గుంత తీశారు. లోపలికి దింపాక ఆమె తల ఒక పక్కకు వాలిపోయింది, ఎంత సర్దినా నిలవలేదు. నేను చొక్కా విప్పి, మడిచి, ఆమె తల కింద పెట్టాను. అప్పుడు నిలిచింది. అత్త గుంత అంచున కూర్చొని చూస్తూనే ఉంది. ఆ రెండు రోజులూ నాకు ఏడుపు రాలేదు. ఎంత ప్రయత్నించినా మొహం కదల్లేదు. జనం అది గమనించారు. జనాన్ని నవ్వించేవాణ్ణి కదా, నా మొహం మీద అందరికీ హక్కుంది.

ఆదివారం పొద్దున గుంత మీద పాలు పోశాం. మధ్యాహ్నం ఎవరో "ఈ పొద్దు ఆదివారం గదా" అన్నారు. బుధవారం తీసిన నాలుగింటిలో మొదటిది ఏడు గంటలకు పడుతుంది. ఓనరుకు ఫోన్ చేశాను, కలవలేదు. ఎవరికీ చెప్పకుండా రోడ్డెక్కి హోసూరు బస్సు పట్టుకున్నాను. స్టూడియో తాళం వేసి ఉంది. ఆదివారాల్లో అక్కడ మనిషి ఉండడు, కంప్యూటరు దానంతట అదే వేసేస్తుంది. ఆ తాళం పట్టుకొని లాగాను, తలుపును తన్నాను. ఏడయింది. ఆ సందులో ఉన్న ఇళ్ళన్నిటిలోంచీ నా గొంతు వినపడింది. ఇప్పుడు, ఈ నిమిషంలో, మీ కండ్ల ముందర.

మెట్ల మీద కూలబడ్డాను. ఎదురింటి తలుపు తీసి ఉంది, టీవీ కనబడుతోంది. తెర మీద నేను పడీపడీ నవ్వుతున్నాను. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. మా వైపు ఎవరైనా పోతే కణ్ణీర్ అంజలి, అంటే కన్నీటి నివాళి, అని ఫోటోతో ప్రకటన నడుపుతారు. పాపం ఓనరు మంచికేనని ముందురోజే ఎక్కించి పెట్టాడు. నా నవ్వు కింద నా భార్య ఫోటో ఎడమ పక్కకు జరిగి జరిగి పోయి, మళ్ళీ కుడి పక్క నుంచి వచ్చింది. చివర్లో నేను చేతులు జోడించి, "మా ఇంటామె సంగటి చేసి కాచుకోనుండాది" అన్నాను. ఇన్నేళ్ళ నా బతుకు మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు.

సోమవారం గురుబరపల్లికి పోయేసరికి అత్త గడపకు అడ్డంగా నిలబడి ఉంది.

"షోకి పోయొచ్చినావా?"

"షో ఆపేదానికి పోయినానత్తా. అది ముందే తీసింది. బుధవారం తీసినాము."

"ఇన్నేండ్లు లైవ్ అంటివి. నీ నోటితోనే అంటివి. ఇప్పుడు నా బిడ్డ పోయినాక రికార్డంటావా?"

"నిజమత్తా. అన్నీ రికార్డే."

"సంగటి చేసి కాచుకోనుండాది అంటివే. మన్నేసి రెండు దినాలు కాలేదు. యాడ కాచుకోనుండాది? చెప్పప్పా. యాడ?"

చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు "టీవీవన్నీ ముందే తీస్తారమ్మా" అని చెప్పబోయారు. ఆమె వినలేదు. నిన్న ఏడింటికి ఇక్కడ లేడు కదా అంది. కంట్లో తడి లేదు కదా అంది. రెండూ నిజాలే. తలుపు వేసేసింది. పెద్దదినం నాడు కూడా నన్ను రానివ్వలేదు. చేనుకు ఎదురుగా రోడ్డు పక్క మోరీ గోడ మీద కూర్చొని, దూరం నుంచి మనుషుల వీపులు చూసి వచ్చాను. నా భార్యను గురించి నేను మాట్లాడుకోగలిగిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు. ఆ ఒక్క మనిషే నన్ను వద్దనుకుంది.

రెండో ఆదివారం ఓనరే కార్యక్రమం ఆపి పాటలు వేశాడు. "మానం పోతాదని ఆపేసినాడు" అని అత్త అందట. ఆ మాట విన్నప్పుడు కోపం వచ్చింది. చీకట్లో చాప మీద ఒక్కణ్ణే కూర్చొని, ఆపినా తప్పే, వేసినా తప్పే, ఇక నేనేం చేయాలి అని గోడను అడిగాను. చేతికి ఖాళీ సంచి తగిలింది, చొక్కాలు సర్దే సంచి. అప్పుడు గుర్తొచ్చింది, మూడోది ఆవపువ్వుది.

మరునాడు ఓనరు దగ్గరికి పోయి, ఈ ఆదివారం మూడోది వెయ్యి అన్నాను.

"వద్దప్పా. జనం నోటికొచ్చినట్టు మాట్లాడతా ఉండారు. రాళ్ళేస్తారు."

"వేయనీ."

"దేనికప్పా మళ్ళీ?"

చెప్పలేదు. చెబితే వాడు కూడా ఏడుస్తాడు, నాకు ఓపిక లేదు. అత్త చూస్తుందని మాత్రం తెలుసు. ఇష్టపడేవాళ్ళు ఒక వారం మానేస్తారేమో గానీ, కోపమున్నవాళ్ళు మానరు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే.

మూడో ఆదివారం మళ్ళీ తాలూకా అంతా నవ్వాను. ఫోన్లు వచ్చాయి, తిట్లు వచ్చాయి. ఒకామె నా మొహాన ఉమ్మేయాలంది. నేను తెర మీద నా మొహం చూడలేదు, జేబే చూస్తూ కూర్చున్నాను. నేను చేతులెత్తి గంతులేసినప్పుడల్లా ఆ జేబు ఒక పక్కకు ఒరిగి బాగా కనపడింది.

సోమవారం పొద్దున ఎవరో తలుపు తట్టారు. అత్త. ఒక్కతే బస్సెక్కి, మత్తిగిరిలో దిగి, టీవీ ఆయన ఇల్లెక్కడని అడుక్కుంటూ వచ్చింది. లోపలికి రాలేదు. వాకిట్లోనే నిలబడి నా మొహంలోకి చూసింది.

"ఆ చొక్కా నా బిడ్డ తల కింద పెడితివి. నేను చూసినాను."

"అవునత్తా."

"నా చేత్తోనే మన్నేసినాను దాని మింద."

"అవును."

"నిన్న యేసుకోనుంటివి."

"నిన్న కాదత్తా. ఆ బుధవారం."

ఆమె గోడకు ఆనుకొని కిందికి జారింది. నేనూ పక్కన కూర్చున్నాను. చాలాసేపు కొంగు అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. ఇంతసేపూ నన్ను గురించి ఆలోచిస్తోందనుకున్నాను. క్షమిస్తుందా లేదా అని చూస్తున్నాను. ఆమె అడిగింది వేరే.

"అంటే, నువ్వు ఆ మాట అనేటప్పుడు అది ఉండె."

"ఉండె."

"సంగటి చేసిండెనా?"

"చేసిండె. వాకిట్లో నిలబడి కాచుకోనుండె."

"అట్లయితే నువ్వు అబద్ధం చెప్పలే."

అప్పుడు ఏడ్చాను. అన్ని రోజులూ రానిది ఆ వాకిట్లో, పొద్దున పూట, పాలవాళ్ళు పోతుండగా వచ్చింది. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది గానీ ఊరుకోమని అనలేదు.

పోయేముందు అడిగింది. "ఇంకా ఉండాయా అట్లాంటివి?"

"ఒకటి ఉందత్తా. కడాది. ఆ తర్వాత నేను తీయలేదు. ఇక తీయను."

"వేయమను. ఈడికొచ్చి చూస్తా."

నాలుగో ఆదివారం మధ్యాహ్నానికే వచ్చింది. కూతురి వంటింట్లోకి పోయి, డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి చూసి, రాగిపిండి ఏదో కనిపెట్టి సంగటి చేసింది. ఆరున్నరకు నేను తలుపులు వేసి లైట్లు ఆర్పాను.

"యెందుకప్పా చీకటి?"

చెప్పాను. ఇన్నేళ్ళు ఆదివారాలు మేమిద్దరం ఎలా దాక్కున్నామో, ఆమె తెర మీది నన్ను ఏమని అడిగేదో అంతా చెప్పాను. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నాకు ఒక్క మాట చెప్పలేదు చూడు, కల్లది" అంది.

ఏడింటికి తెల్ల చొక్కాలో వచ్చాను. చేతుల మీద ఇస్త్రీ మడత కత్తిలా ఉంది. మొహం వాడిపోయింది, గొంతు బొంగురుపోయింది. ఒక పిల్ల పాడింది, ఇద్దరు మిమిక్రీ చేశారు. అత్త వాళ్ళెవరినీ చూడలేదు. "అలిసిపోయిండావు" అంది మెల్లగా. "నాలుగో చొక్కా గదా అత్తా" అన్నాను. ఇద్దరి ముందూ కంచాలున్నాయి. ఎవరం ముట్టలేదు.

చివరికొచ్చింది. తెర మీద నేను చేతులు జోడించాను. సరేనప్పా, సరేనమ్మా. తన ఇంటామెకు ఇక రెండు రాత్రులే ఉన్నాయని వాడికి తెలియదు. ఇల్లు గుర్తొచ్చి నవ్వుతున్నాడు. మా ఇంటామె సంగటి చేసి కాచుకోనుండాది, నేను పోతా.

అత్త చాప మీద ముందుకు వంగింది. నన్ను కాదు, తెర మీది వాణ్ణి చూస్తూ చెయ్యి ఊపింది.

"పో నాయనా. బిన్నా పో. కాచుకోనుండాది."